బల్లమీది చిన్న యుద్ధములు

గత సంవత్సరము వర్షాకాలమున మా ఆటస్థలము మూడు వారములు నీటిలో నుండెను. బంతియాటలు నిలిచిపోయినవి. వసతిగృహపు బాలురు సాయంకాలములందు వరండాలో కూర్చుండి, ఒకరితో నొకరు కలహించుట తప్ప వేఱు పని లేక యుండిరి. ఆ దినములలో మేము, అనగా ఇద్దరు ఉపాధ్యాయులమును, తొమ్మిదవ తరగతి పిల్లలు తొమ్మండుగురును, ఒక క్రొత్త ఆటను నేర్చికొంటిమి. క్రొత్తది యనుట మాకు మాత్రమే. ఈ యాట నూఱేండ్లకు పైబడినది. దానిని గుఱించి తల్లిదండ్రులు పలువురు మమ్ము ప్రశ్నించియున్నారు. కొందఱు ఆక్షేపించియు నున్నారు. కావున దాని స్వరూపమును, మేము పడిన పాట్లను ఈ సంచికయందు వివరింపదలచితిమి.

ఆట యెట్టిదనగా, ఒక పెద్ద బల్లమీద అట్టలతో ఇండ్లను, ఇసుక సంచులతో కొండలను, వేపరెమ్మలతో తోపులను అమర్చవలెను. బొమ్మలకొలువు పెట్టిన ఇంటివారికి ఇది వింతగా తోపదు. అటుపై చిటికెనవ్రేలి సగమంత యెత్తుగల సైనికుల బొమ్మలను ఇరుప్రక్కల నిలిపి, ఇద్దఱు ఆటగాండ్రు వంతులవారీగా తమ సేనలను నడిపింతురు. చదరంగమునందు గడులుండును; ఇందు గడులు లేవు. ఏ బొమ్మ యెంత దూరము పోవచ్చునో కొలబద్దతో కొలిచి చూతురు. కొండ యడ్డమైనచో ఆవలివాడు కనబడడు. తోపులో నున్నవానిని కొట్టుట కష్టము. ఈ కొలతయు, ఈ కనబడుటయు ఆటకు ప్రాణములు.

చదరంగమును పేర్కొంటిమి గదా, ఈ యాటకు అది పితామహుడని చెప్పుట అతిశయోక్తి కాదు. ఏనుగులు, గుఱ్ఱములు, రథములు, కాలిబంట్లు అను నాలుగు అంగములుగల సేనను పలకమీద నిలిపిన మన చతురంగము పారశీకుల ద్వారా, అరబ్బుల ద్వారా ఐరోపాకు పోయెను. జర్మను దేశమున బ్రున్స్విక్ ఆస్థానమందు హెల్విగ్ అను ఉపాధ్యాయుడు 1780లో ఆ చదరంగమునే పెంచి, వేయికి మించిన గడులతో, ఫిరంగులతో, నదులతో ఒక యుద్ధక్రీడను కల్పించెను. తరువాత ప్రష్యా దేశమున రైస్విట్జ్ అను నాతడు 1812లో గడులను విడిచి నేలను ఉన్నదున్నట్లు చూపు ఆటను రాజునకు సమర్పించెను. అతని కుమారుడు 1824లో దానిని పటములతోను, పాచికలతోను, తీర్పరితోను సంస్కరించి ప్రకటించెను. అది యంతటితో పిల్లల యాట గాక సేనానుల పాఠమయ్యెను. ప్రష్యా సైన్యమున దానిని అధికారులకు అభ్యాసముగా నిచ్చిరి.

దానిని మరల ఇంటిలోనికి తెచ్చినవారు కథకులు. ఆర్. ఎల్. స్టీవెన్‌సన్ 1880 తరువాతి శీతకాలములలో స్విట్జర్లాండునందలి దావోసులో వ్యాధిగ్రస్తుడై యుండి, తన భార్య కుమారునితో మిద్దెగది నేలమీద తగరపు సైనికులతో దినముల తరబడి యుద్ధము లాడెను. హెచ్. జి. వెల్స్ 1911లో నేలమీది ఆటలను గుఱించి యొక చిన్న పుస్తకమును, 1913లో ‘లిటిల్ వార్స్’ అను పుస్తకమును ప్రకటించెను. భోజనానంతరము ఒక మిత్రుడు పిల్లవాని బొమ్మఫిరంగితో బొమ్మసైనికులను గురిచూచి కొట్టుటతో ఆ యాట పుట్టినదని ఆయనయే వ్రాసెను. వెల్స్ 1946లో చనిపోయెను గనుక, అరువది యేండ్ల గడువు తీరి ఆయన పుస్తకము ఇప్పుడు మన దేశమున ఎవరైనను ఉచితముగా చదువుకొనవచ్చును. మేమును అట్లే చదివితిమి. నియమముల కొఱకు మాకు ఒక్క పైసయు వ్యయము కాలేదు.

ఆ నియమములు చదువుట కెంత తేలికయో ఆచరించుట కంత తేలిక. కాలిబంటు ఒక వంతులో ఒక అడుగు, రౌతు రెండడుగులు నడుచును. ఫిరంగికి ఆరంగుళముల లోపల తనవారు నలుగురైనను ఉండనిదే అది కదలదు, పేలదు. ఫిరంగి ఒక వంతులో నాలుగుసార్లు పేలవచ్చును, లేదా కదలవచ్చును, రెండును కూడవు. రెండు సేనలు తాకినచో సమానసంఖ్యలో పడిపోవుదురు. ఒక ఆటగాడు ప్రదేశమును అమర్చినచో, ఏ ప్రక్కనుండి పోరాడవలెనో కోరుకొను హక్కు రెండవవానిది. ఇంట్లో అప్పచ్చిని ఒకడు విఱిచి, మఱియొకడు ముందుగా తీసికొను పద్ధతి యిదియే. ఈ యొక్క నియమము మా వరండాలోని కలహములను సగము తగ్గించినది.

వంతునకు కాలపరిమితియు నున్నది. ముప్పదిమంది బంట్లకు ఒక నిమిషము, ఒక్కొక్క ఫిరంగికి ఒక నిమిషము చొప్పున వెల్స్ లెక్కకట్టెను. మేము మొదట దీనిని విడిచిపెట్టితిమి. ఒక కుఱ్ఱవాడు తన వంతున ఇరువది నిమిషములు ఆలోచించి, తుదకు ఒకే యొక గుఱ్ఱమును నాలుగంగుళములు జరిపెను. మఱునాటినుండి గడియారము బల్లమీదికి వచ్చినది.

వెల్స్ వాడిన ఫిరంగి అంగుళము పొడుగు కొయ్యముక్కను నిజముగా విసరునట్టిది. అట్టిది మాకు దొరకలేదు. పిల్లలు పాత బాల్‌పాయింటు కలము గొట్టమును, అందలి తీగచుట్టను ఉపయోగించి ఒక ఫిరంగి చేసిరి. గుండునకు మాఱుగా తలత్రుంచిన అగ్గిపుల్ల. అది బల్లకు ఆ చివరి బొమ్మను కూడ పడగొట్టగలదు. దీనికి మేము కఠినమైన కట్టడి చేసితిమి: ఫిరంగి పేలునప్పుడు ఎవరి ముఖమును బల్లయెత్తునకు దిగరాదు. వంగి గురిచూచు ఆటగాడు తన ఫిరంగి వెనుక ఉండవలెను, ఎదుట ఎవ్వరును ఉండరాదు. కంటిని మించిన విజయము లేదని వసతిగృహపు వార్డెనుగారు ఈ నియమమును తమ స్వహస్తముతో వ్రాసి గోడకు అంటించిరి.

ఇక బొమ్మల సంగతి. వెల్సు కాలపు బొమ్మలు సీసముతో చేసినవి. లండనునందలి విలియం బ్రిటన్ సంస్థవారు 1893లో గుల్ల బొమ్మలను పోయు విధమును కనిపెట్టిరి. కరగిన లోహమును అచ్చులో పోసి, అంచులు గట్టిపడగానే నడిమి ద్రవమును వెలికి ఒంపివేయుదురు. పై పెంకు మాత్రము బొమ్మయై నిలుచును. లోహము తక్కువ, వెల తక్కువ. ఆ సంస్థవారు మద్రాసు పదాతిదళపు బొమ్మలను కూడ తయారుచేసిరి. ఎవరి యింటనైన పూర్వుల పెట్టెలో అట్టి సీసపు బొమ్మలు కనబడినచో, వానిని చిన్నపిల్లల చేతి కీయరాదు. సీసము విషము, పసివారు ప్రతివస్తువును నోట పెట్టుకొందురు.

మేము కొన్నవి ప్లాస్టిక్కు బొమ్మలు. డెబ్బదిరెండింట ఒక వంతు కొలతవి, అనగా మనుష్యుని డెబ్బదిరెండు భాగములలో ఒక భాగమంత. పెట్టెలో నలువదికి పైగా వచ్చినవి. అన్నియు ఒకే బూడిదరంగు. వానికి రంగులు వేయుటలో మేము చేసిన తప్పులు ఇతరులకు ఉపకరించునని విపులముగా వ్రాయుచున్నాము.

మొదటి తప్పు తొందర. వసతిగృహపు గేటునకు వేయగా మిగిలిన ఎనామిలు రంగు డబ్బా యొకటి కనబడెను. పెద్ద కుంచెతో ఇరువదిమంది సైనికులకు ఒకే పూట రంగు వేసితిమి. ఆఱిన తరువాత చూడగా ఒక్కనికిని ముక్కు లేదు, వ్రేళ్ళు లేవు, గుండీలు లేవు. అందఱును దుప్పటి కప్పుకొన్నవారివలె నుండిరి. అంతటితో పోలేదు. ఆ ప్లాస్టిక్కు మెత్తనిది. తుపాకి వంగినప్పుడెల్ల రంగు పెచ్చులై రాలినది. బాలిక యొకతె, వీరు వానకోటు తొడిగిన దళమని సమాధానము చెప్పి ఆ యిరువదిమందిని కాపాడినది. ఇప్పటికిని వారు వానకోటు దళముగానే పోరాడుచున్నారు.

తరువాత నేర్చికొన్న క్రమమిది. అచ్చునుండి బొమ్మ సులువుగా ఊడివచ్చుటకై దానికి ఒక జిడ్డుపదార్థము పూయుదురు. అది పోనిదే రంగు పట్టదు. కావున గోరువెచ్చని సబ్బునీట పాత పండ్లకుంచెతో తోమి, కడిగి, రాత్రియంతయు ఆరనీయవలెను. అచ్చు రెండు సగములు కలిసినచోట బొమ్మ చుట్టును సన్నని గీత యుండును; దానిని చిన్న కత్తితో గీకివేయవలెను. ఈ పని పెద్దల యెదుట జరుగవలెను. తరువాత బొమ్మను సీసామూతమీద కొంచెము జిగురుతో నిలిపినచో, మూతను పట్టుకొని రంగు వేయవచ్చును. వ్రేళ్ళు బొమ్మను తాకవు.

అటుపై అస్తరు. గోడకు సున్నము వేయకుండ రంగు వేసినచో ఏమగునో యెఱిగినవారికి దీని యవసరము చెప్పనక్కఱలేదు. అస్తరును చిమ్ముడబ్బాతో వేయవచ్చునని విని తెప్పించితిమి. వానదినమున చిమ్మగా గాలిలోని తేమవలన అది బొమ్మలమీద పిండివలె పడి గరుకెక్కినది. వానకాలమున కుంచెతో వేయుటయే మేలు.

రంగులు నీటితో కలియు ఆక్రిలికు రంగులు కావలెను. పలకమీద వానిని పాలవలె పలుచన చేయవలెను. ఒక్క మందపు పూతకంటె రెండు పలుచని పూతలు మేలు. మొదటి పూత చారలు చారలుగా నుండును, చూచినవారు అధైర్యపడుదురు. ఆఱిన తరువాత రెండవ పూత దానిని సరిచేయును. కుంచెను రోమములలో సగమునకు మించి ముంచరాదు. లోహపు పట్టీలోనికి రంగు పోయి గట్టిపడినచో కుంచె చీపురగును. మొన కొఱకు కుంచెను నాలుకతో తడుపు అలవాటు కొందఱు చిత్రకారుల కున్నది. మా పిల్లలకు దానిని పూర్తిగా నిషేధించితిమి.

ఇంతవఱకు చేసినది కేవలము రంగు నింపుట. బొమ్మకు జీవము వచ్చునది దీని తరువాత. మనుష్యుని చొక్కామడతలలో నీడ తనంతట తానే పడును. ఇంచుక యెత్తుగల బొమ్మయందు మడతయే గోరంత లోతైనను ఉండదు. పగటివెలుగు దానిలో నీడను చూపజాలదు. కావున నీడను మనమే గీయవలెను. గోధుమ లేక నలుపురంగును చాల నీటితో కలిపి బొమ్మయంతట పారించినచో, అది గట్లమీద నిలువక పల్లములలోనికి దిగి అచ్చటనే ఆఱును. మడతలు, గుండీల చుట్టు, వ్రేళ్ళ సందులు ఒక్కసారిగా కనబడును. మా పిల్లలు దీనిని ‘వరదపూత’ అనిరి. దీనికి ప్రతిగా ‘పొడిపూత’ యున్నది. లేతరంగును కుంచెకు అంటించి, దాదాపు పూర్తిగా గుడ్డకు తుడిచివేసి, బొమ్మమీద తేలికగా ఆడించినచో గట్లమీద మాత్రమే రంగు నిలుచును. వరద పల్లమునకు, పొడి మిట్టకు. ఈ రెండు పూతలు తెలిసిన పిల్లవాడు ఒక సాయంకాలములో చూడదగిన బొమ్మను చేయగలడు.

కొండపల్లిలో తెల్లపొణికి కొయ్యతో బొమ్మలు చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అవయవములు అతికించి, రంగులు వేయు కుటుంబములు తరతరములుగా నున్నవి. అచ్చటి బొమ్మలను చూచుచు పెరిగిన పిల్లవాడొకడు మా తరగతిలో నున్నాడు. మేమందఱము ఒక్కొక్క బొమ్మను మొదటినుండి తుదివఱకు ముగించుచుండగా, అతడు పదింటిని వరుసగా నిలిపి పదింటికిని ముందు ప్యాంట్లు, తరువాత చొక్కాలు, అటుపై ముఖములు వేసెను. అతని పది ముగియునప్పటికి మావి నాలుగే. కన్నులు గీయవద్దని చెప్పినవాడును అతడే. ఇంత చిన్న ముఖమున చుక్క పెట్టినచో బొమ్మ భయపడినట్లుండును. కనుబొమ్మల క్రింద నీడ చాలును. తుదకు పీఠమునకు జిగురు పూసి యేటి ఇసుక చల్లి, మెఱుపులేని వార్నీషు వేసినచో చేతి రాపిడికి రంగు పోదు.

వెల్సు ఆటలో ఫిరంగులే పేలును, తుపాకులు పేలవు. పిల్లలకు ఇది నచ్చలేదు. ఇంగ్లండులో 1983లో వెలువడిన వార్‌హామర్ మొదలైన యాటలలో పాచికలతో తుపాకి దెబ్బలను నిర్ణయింతురు. ఆ పద్ధతిని కొంత యెరువు తెచ్చుకొంటిమి. పాచిక నాలుగు గాని, అంతకు మించి గాని పడినచో గురి తగిలినట్లు. మరల నాలుగు గాని, మించి గాని పడినచో గాయమైనట్లు. ఎదుటివాడు అయిదు గాని ఆఱు గాని వేసినచో తప్పించుకొన్నట్లు. గణితోపాధ్యాయులు దీనిని పట్టుకొనిరి. సగములో సగము పావు. పావులో మూడింట రెండు వంతులు ఆఱవ వంతు. కావున పండ్రెండుమంది కాల్చినచో సగటున ఇద్దఱు పడుదురు. ఒకనాడు ఒక కుఱ్ఱవానికి పండ్రెండు కాల్పులలో ఒక్కడును పడలేదు. పాచికలు మోసమని యేడ్చెను. లెక్క వేసి చూడగా అట్టి దురదృష్టము తొమ్మిదింట ఒకసారి వచ్చునట్టిదే. సగటు వేఱు, జరుగునది వేఱు అను సంగతి నల్లబల్లమీద ఎన్ని దినములు చెప్పినను దిగనిది, ఆ కన్నీళ్ళతో దిగినది.

ఇక ఆక్షేపణ సంగతి. తల్లిదండ్రుల దినమున ఒక తల్లి మమ్ము సూటిగా అడిగెను: “మాష్టారూ, బడికి పంపినది చదువుకొమ్మనియా, యుద్ధము నేర్చుకొమ్మనియా?” ఈ ప్రశ్న తేలికగా తీసివేయదగినది కాదు. వెల్సు తన పుస్తకపు చివర దీనికి జవాబు చెప్పుకొనెను. బొమ్మలతో నాలుగుసార్లు ఆడినవానికి నిజమైన యుద్ధమెంత అడ్డదిడ్డమైన వ్యవహారమో తెలియునని ఆయన వాదము. పుస్తకము వెలువడిన మఱుసంవత్సరమే, 1914లో, మహాయుద్ధము వచ్చెను. ఆ 1914లోనే ఆయన వ్రాసిన ఒక నవలలో ‘అణుబాంబు’ అను మాటను ప్రయోగించెను. అట్టి బాంబులు నిజముగా 1945లో జపానుపై పడినప్పుడు ఆయన బ్రతికియే యుండెను. ఆటలు యుద్ధమును ఆపలేదు. ఆపునని మేము చెప్పజాలము. ప్రష్యా సేనానులు అదే ఆటతో యుద్ధమును మఱింత బాగుగా చేయ నేర్చిరి గదా! మేము ఆ తల్లికి చెప్పినదింతే: పిల్లలు ఏమి ఆడుచున్నారో తలుపులు తెఱచి చూడుడు; మీకు చెడు కనబడినచో మాకు చెప్పుడు.

ఆమె వెంట ఆమె అన్నగారు వచ్చియుండిరి. ఆయన సైన్యమున పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు. బల్లచుట్టును ఒకసారి తిరిగి, చేతులు వెనుకకు కట్టుకొని చాలసేపు చూచి, “అబ్బాయీ, వీరికి నీళ్ళు ఎవరు తెత్తురు?” అని ఒక కుఱ్ఱవాని నడిగిరి. కుఱ్ఱవాడు తెల్లబోయెను. “పడినవారిని ఎవరు మోయుదురు? మీ సేనలో అందఱును కాల్చువారే. అటువంటి సేన నేనెన్నడును చూడలేదు నాయనా” అని చెప్పి, కుర్చీ లాగుకొని కూర్చుండి, ఒక దళము వెనుక ఎందఱు వంటవారు, ఎందఱు వాహనములవారు, ఎందఱు వైద్యులు నుందురో వ్రేళ్ళమీద లెక్కించి చెప్పిరి. పిల్లలు ఆ సాయంకాలము ఆట ఆడలేదు. ఆయన మాటలు వినిరి. యుద్ధములో పోయిన తన స్నేహితుని గుఱించి ఒకే వాక్యము చెప్పి ఊరకుండిరి. దానిని ఇచ్చట వ్రాయము.

మఱువారమున పిల్లలు నియమములను మార్చిరి. మేము చెప్పలేదు. పడిన బొమ్మను ఇప్పుడు పెట్టెలో వేయరు, పడినచోటనే పరుండబెట్టుదురు. మోయువారి జంట దానిని చేరి, తమ వెనుక గీతవఱకు మోసికొని పోయినచో ఆ బొమ్మ బ్రతికినట్లు. మోయువారిపై ఎవ్వరును కాల్చరాదు. ఆట ముగిసినప్పుడు ఎన్ని ఇండ్లు పట్టుకొన్నారను దానితో పాటు, ఎందఱిని ఇంటికి తెచ్చుకొన్నారను దానికి కూడ అంకెలున్నవి. దీనివలన ఆట నెమ్మదించినదని కొందఱు గొణిగిరి. ఒకనికైతే గెలువవలసిన పోటీ పోయినది. కొండను పట్టుకొని, పదునాలుగుగురిని బయలులో విడిచివేసినందున.

కొనిన పెట్టెలలో మోయువారి బొమ్మలు లేవు. వానకోటు దళమునుండి ఆఱుగురిని తీసి, తుపాకులు కత్తిరించి, అగ్గిపుల్లలకు గుడ్డపేలిక అంటించి డోలీలు చేయుచున్నారు. మందముగా పడిన ఆ గేటురంగు వారికి ఇప్పుడు బరువుమోయు కోటులవలె నప్పినది. నాలుగు డోలీలు ముగిసినవి. రెంటికి ఇంకను వరదపూత వేయవలసియున్నది. శనివారము సాయంకాలము నాలుగు గంటలకు బల్ల మరల పఱచెదము; చూడవచ్చువారు చెప్పులు వరండా మెట్లవద్ద విడిచి, ఇసుకకొండలను త్రొక్కకుండ లోనికి రావలెనని ప్రార్థన.